పిల్లల పుస్తకము: బొమ్మల స్పష్టత

1947లో మద్రాసున వెలసిన ‘చందమామ’ను పిల్లలు చదువుటకు ముందు బొమ్మలకై తెరచెడివారు. నేడు గాంధారి బడిపిల్లలు తామే గీసిన బొమ్మలను ఉపాధ్యాయులు పుస్తకముగా అచ్చు వేయింపదలచిరనుకొందము. తెరపై నిండుగా కనిపించు బొమ్మ కాగితముపై మసకబారవచ్చును. రంగుల అచ్చునకు సాధారణముగా అంగుళమునకు 300 చుక్కలు కావలెను; అనగా 6 అంగుళముల వెడల్పు, 8 అంగుళముల ఎత్తు గల పుటకు అడ్డముగా 1800, నిలువుగా 2400. మూలచిత్రము వెడల్పున, ఎత్తున అందులో సగమే యైనచో 600 చుక్కలతో స్కాను చేయవలెను. చిన్న ప్రతిని తరువాత సాగదీసినచో చుక్కలు పెద్దవగును గాని, పోయిన గీతలు తిరిగి రావు. ఫోను సందేశములలో పంపిన ఛాయాచిత్రము తరచు కుదించుకొనిపోవును. కావున అసలు కాగితమునే భద్రపరచి స్కాను చేయించుడు. పసివాడు పుస్తకమును కంటికి దగ్గరగా పట్టి చూచును. తాను గీసిన చీమకు కాళ్లు కనిపించనిచో, అది తన బొమ్మ కాదనును.