పాలిచ్చే తల్లి బరువు తగ్గవచ్చా? పస్తు వద్దు, తొందర వద్దు

(ప్రసూతి విభాగంలో బాలింతల కుటుంబ సభ్యులకు చేసిన ఆరోగ్య ప్రసంగం)



మీరంతా పసిబిడ్డను చూసుకోవడానికి ఇక్కడికి వచ్చారు. ఈరోజు ఆ బిడ్డ తల్లి గురించి కొంచెంసేపు మాట్లాడుకుందాం. కాన్పు తర్వాత ఆమెకు కలిగే ఒక దిగులు ఉంది. దాన్ని ఆమె డాక్టరుతో చెప్పదు, భర్తతోనూ చెప్పదు. అది తన ఒంటి బరువు గురించిన దిగులు.

మన పటాన్‌చెరు చుట్టుపక్కల ఒక ఇల్లు అనుకోండి. ఇస్నాపూర్ కావచ్చు, రుద్రారం కావచ్చు, పాశమైలారం కావచ్చు. భర్తకు కంపెనీలో షిఫ్టు డ్యూటీ. కోడలికి కాన్పై మూడు నెలలైంది. పెళ్లినాటి జాకెట్లు పట్టడం లేదు. చూడవచ్చిన చుట్టాలు "ఏం బిడ్డా, ఇంత లావైనవ్?" అని నవ్వుతారు. ఆ మాట మనసులో పెట్టుకుని ఆమె రాత్రి అన్నం మానేస్తుంది. పొద్దున టీ, రెండు బిస్కెట్లతో సరిపెడుతుంది. ఇంకోపక్క అత్తగారు "పాలు పడాలి, తిను" అంటూ అన్నం మీద నెయ్యి గుమ్మరిస్తుంది. ఒకరు పస్తు ఉంటున్నారు, ఒకరు అతిగా పెడుతున్నారు. ఇద్దరి మనసూ మంచిదే. కాని ఇద్దరి పద్ధతీ సరైనది కాదు.

ఈ రెండింటికీ మధ్యన ఒక దారి ఉంది. దాని గురించే నేను చెప్పబోతున్నాను.

ఈ బరువు ఎక్కడి నుండి వచ్చింది?

గర్భంతో ఉన్నప్పుడు 10 నుండి 12 కిలోల బరువు పెరగడం సహజం. కాన్పుతో బిడ్డ, మాయ, ఉమ్మనీరు పోయి సుమారు 5 కిలోలు తగ్గుతుంది. ఒంట్లో చేరిన నీరు తర్వాతి వారాల్లో తగ్గుతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం కొవ్వు. పాలివ్వడం కోసం శరీరం ముందుచూపుతో దాచుకున్న నిల్వ అది. గర్భసంచి మామూలు స్థితికి రావడానికి సుమారు 6 వారాలు పడుతుంది. అంతవరకు పొట్ట ఎత్తుగా కనిపిస్తే భయపడవద్దు. గుడ్డతో బిగించి కట్టినందువల్ల కొవ్వు కరగదు.

కాబట్టి మొదటి 6 వారాలు బరువు తగ్గించుకోవాలనే ఆలోచనే పెట్టుకోకూడదు. ఆ రోజులు గాయం మానడానికి, పాలు కుదురుకోవడానికి, తల్లి నిద్ర పోవడానికి.

అందరూ తగ్గాలా?

లేదు. ఎత్తును బట్టి బరువును చూడాలి. ఉదాహరణకు 5 అడుగుల ఎత్తున్న స్త్రీ 43 కిలోల కంటే తక్కువ ఉంటే ఆమె బలహీనంగా ఉన్నట్లు. ఆమె ఒక్క కిలో కూడా తగ్గకూడదు, పెరగాలి. 43 నుండి 53 కిలోల మధ్య ఉంటే సరైన బరువు. 53 దాటితే ఎక్కువ బరువు, 58 దాటితే స్థూలకాయం అని మన దేశపు వారికి లెక్క వేస్తారు. మీ ఇంటి బాలింత ఏ వరుసలో ఉందో ఆసుపత్రిలో తూకం వేయించి తెలుసుకోండి. చుట్టాల మాటను బట్టి నిర్ణయించవద్దు.

ఎక్కువ బరువు ఉన్నవారు మెల్లగా తగ్గడం మంచిదే. అందం కోసం మాత్రమే కాదు. మధుమేహం, బి.పి. వచ్చే అవకాశం తగ్గుతుంది. ముఖ్యంగా గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారు కాన్పైన 6 నుండి 12 వారాల లోపు మళ్లీ రక్తపరీక్ష చేయించుకోవాలి. బిడ్డ సందడిలో పడి ఈ పరీక్షను చాలామంది మరచిపోతారు.

పస్తుంటే ఏమవుతుంది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మీరు వినే ఉంటారు. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. అక్కడ పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ గారు 1950లలో పేద తల్లుల చనుబాలపై పరిశోధన చేశారు. సరైన తిండి లేని తల్లులు కూడా నెలల తరబడి బిడ్డకు పాలివ్వగలుగుతున్నారని గమనించారు. ఇది వినడానికి బాగుంది. కాని ఆ పాలు ఎక్కడి నుండి వస్తున్నాయి? తల్లి తన ఒంట్లోని కండను, ఎముకలోని సున్నాన్ని కరిగించి బిడ్డకు ఇస్తుంది. బిడ్డ పెరుగుతుంటే తల్లి లోలోపల తరిగిపోతుంది.

పైగా విటమిన్ ఎ, బి-12, అయోడిన్ వంటివి పాలలో ఎంత ఉంటాయన్నది తల్లి తినే తిండిని బట్టే ఉంటుంది. తిండిని మరీ తగ్గిస్తే పాలు కూడా తగ్గవచ్చు. అప్పుడు ఇంట్లో డబ్బాపాల మాట మొదలవుతుంది. ఒక పూట అన్నం మానడంతో మొదలైనది చివరికి బిడ్డ నోటి దగ్గరికి వస్తుంది.

ఇదే సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు 600 కేలరీలు, తర్వాతి 6 నెలలు 520 కేలరీలు మామూలు కంటే అదనంగా కావాలి. మాంసకృత్తులు కూడా మొదటి 6 నెలలు రోజుకు సుమారు 17 గ్రాములు అదనంగా కావాలి.

మరి తగ్గడం ఎలా?

అధిక బరువు ఉన్న తల్లికి ఒంట్లో దాచిన కొవ్వు ఉంది కదా. ఆ అదనపు శక్తిలో కొంత భాగం అక్కడి నుండి వచ్చేలా చూడాలి. అంతే సంగతి.

ఇది ప్రమాదం కాదని పరిశోధన కూడా చూపింది. అమెరికాలో పాలిచ్చే 40 మంది అధిక బరువు తల్లులపై చేసిన పరిశోధన 2000 సంవత్సరంలో వెలువడింది. బిడ్డకు నెల రోజులు నిండాక, ఒక వర్గం వారు రోజుకు 500 కేలరీలు తగ్గించి, వారానికి 4 రోజులు వ్యాయామం చేశారు. 10 వారాల్లో వారు సగటున సుమారు 5 కిలోలు తగ్గారు. వారి బిడ్డల ఎదుగుదలకు, రెండో వర్గం బిడ్డల ఎదుగుదలకు తేడా లేదు.

వారు తగ్గింది వారానికి అరకిలో లెక్కన. అదీ డాక్టర్ల పర్యవేక్షణలో. మన ఇళ్లలో నెలకు ఒకటి నుండి రెండు కిలోలు తగ్గితే చాలు. 9 నెలల్లో వచ్చిన బరువు 9 నెలల్లో పోనివ్వండి.

ఏమి తగ్గించాలి? ఏమి తగ్గించకూడదు?

తగ్గించవలసినవి ఇవి. ఒక చిన్న చెంచా నూనె గాని నెయ్యి గాని 45 కేలరీలు. అన్నంలో నాలుగు చెంచాల నెయ్యి పడితే 180 కేలరీలు. కనుక పూటకు ఒక చెంచా చాలు. టీ రోజుకు రెండు కప్పులకు మించవద్దు, చక్కెర సగం వేయండి. కూల్‌డ్రింకులు, బేకరీ పఫ్‌లు, మిర్చి బజ్జీలు, బిస్కెట్లు, మిఠాయిలు ఇంట్లోకి తేవద్దు. ఇవి మానితేనే రోజుకు మూడు నాలుగు వందల కేలరీలు తగ్గుతాయి. కడుపు మాడదు.

తగ్గించకూడనివి ఇవి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, ఆకుకూరలు, పండ్లు, నీళ్లు.

ఒక రోజు తిండి ఇలా ఉండవచ్చు. పొద్దున జొన్నరొట్టెలు రెండు, కూర, ఒక ఉడికిన గుడ్డు. మధ్యలో ఒక జామపండు, మజ్జిగ. మధ్యాహ్నం కొలతగా అన్నం, దానికి సమానంగా కూరగాయలు, గట్టి పప్పు, పెరుగు. సాయంత్రం గుప్పెడు శనగ గుడాలు లేక పెసర గుడాలు. రాత్రి మళ్లీ రొట్టె, పాలకూర గాని తోటకూర గాని పుంటికూర గాని. వీలైన రోజు చేప లేక కోడికూర. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు.

జొన్నరొట్టె మనకు కొత్త కాదు. మన పక్కనే ఉన్న ఇక్రిశాట్ 1972 నుండి జొన్న, సజ్జ పంటల మీద పరిశోధన చేస్తోంది. మన పెద్దలు తిన్న ఆ రొట్టె త్వరగా ఆకలి కానివ్వదు. పీచు ఉంటుంది కనుక బాలింతకు మలబద్ధకం కూడా తగ్గుతుంది.

అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం 2015లో మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే పథకం అది. లావవుతానని ఆ గుడ్డు, పాలు వదులుకోవద్దు. ఇంటి సరుకుల్లో నూనె, చక్కెర తగ్గించండి.

పత్యం పేరుతో నీళ్లు తగ్గించడం, కూరగాయలు మాన్పించి కారప్పొడి అన్నమే పెట్టడం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అత్తమ్మలూ, మీ ప్రేమను మేము కాదనడం లేదు. కాని ఎండిన నోటితో పాలివ్వడం కష్టం. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారి తల్లి పక్కన ఒక గ్లాసు నీళ్లు పెట్టండి.

ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వాడాలి. రెండూ ఒకేసారి వేసుకోకూడదు, కనీసం 2 గంటల తేడా ఉండాలి. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకూడదు.

నడక

మామూలు కాన్పు అయితే కొద్దిరోజుల్లోనే ఇంట్లో మెల్లగా నడవవచ్చు. ఆపరేషన్ అయినవారు 6 నుండి 8 వారాల తర్వాత డాక్టరుకు చూపించుకుని వ్యాయామం మొదలుపెట్టాలి. అంతవరకు బరువులు ఎత్తడం, పొట్ట వ్యాయామాలు వద్దు.

మొదట రోజుకు 10 నిమిషాలు, తర్వాత మెల్లగా 30 నిమిషాలు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. హైవే పక్కన లారీల పొగలో నడవవద్దు. ఇంటి మేడ మీద గాని, కాలనీ గల్లీలో గాని పొద్దున్నే నడవండి. బిడ్డకు పాలిచ్చి నడకకు వెళ్తే రొమ్ములు బరువుగా ఉండవు. నడిచి వస్తే పాలు చెడిపోతాయన్న మాట నిజం కాదు.

వీటి జోలికి పోవద్దు

పాలిస్తున్నప్పుడు బరువు తగ్గించే పొడులు, మాత్రలు, "మూలికల టీ"లు వాడవద్దు. సిబుట్రమిన్ అనే మందును గుండెకు హాని అని మన దేశంలో 2011లో నిషేధించారు. పేరు లేని పొడులలో ఏమి కలుపుతారో మనకు తెలియదు. ఈమధ్య వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా పాలిచ్చే తల్లి సొంతంగా తీసుకోకూడదు.

శుక్రవారాలు, రంజాన్, లెంట్ రోజులు, ఏ ఉపవాసమైనా పాలిచ్చే తల్లి ముందుగా డాక్టరును అడగాలి. మీ మత పెద్దలను కూడా అడగండి, బాలింతను బలవంతపెట్టమని వారు చెప్పరు.

ఇద్దరి తూకం చూడండి

తల్లి బరువు తగ్గించుకునేటప్పుడు బిడ్డ బరువు కూడా చూడాలి. మొదటి 3 నెలల్లో బిడ్డ రోజుకు సుమారు 25 నుండి 30 గ్రాములు పెరగాలి. రోజుకు 6 సార్లకు తగ్గకుండా మూత్రం పోయాలి. టీకాలకు వచ్చిన ప్రతిసారి ఇద్దరినీ తూకం వేయించి కార్డులో రాయించండి. బిడ్డ గీత పైకి పోతూ, తల్లి గీత మెల్లగా దిగుతుంటే మీరు సరైన దారిలో ఉన్నట్లు.

ఈ కింది లక్షణాలు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి:

1. బిడ్డ బరువు పెరగకపోవడం, మూత్రం తగ్గడం, పాలు తాగకుండా మత్తుగా పడుకోవడం.
2. తల్లి వారానికి కిలో కంటే ఎక్కువ తగ్గడం, కళ్లు తిరగడం, ఆయాసం.
3. ప్రయత్నం లేకుండానే తగ్గిపోవడం, గుండెదడ. ఇది థైరాయిడ్ కావచ్చు. 2 వారాలు మించి దగ్గు కూడా ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి.
4. కాన్పైన కొద్దిరోజులకు ముఖం వాచడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం. ఇది లావు కాదు, బి.పి. కావచ్చు. వెంటనే రావాలి.
5. 2 వారాలు దాటినా దిగులు, ఏడుపు తగ్గకపోవడం, తిండి మీద, బిడ్డ మీద ధ్యాస లేకపోవడం.

ఇంటివారికి ఒక మాట

అయ్యా, బిడ్డ తండ్రీ, డ్యూటీ నుండి వచ్చేటప్పుడు బజ్జీల పొట్లం బదులు అరడజను జామపండ్లు తీసుకురండి. రోజుకు అరగంట బిడ్డను మీరు ఎత్తుకోండి, ఆమె నడిచి వస్తుంది. నిద్ర లేని తల్లికి ఆకలి అదుపులో ఉండదు, కనుక పగలు బిడ్డ పడుకున్నప్పుడు ఆమెనూ పడుకోనివ్వండి. ఆమె కంపెనీలో పనిచేస్తున్నట్లయితే, మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల ప్రసూతి సెలవు చట్టం ఇచ్చింది. 2017కు ముందు అది 12 వారాలే. మళ్లీ పనికి పోయేనాటికి సన్నబడాలన్న తొందర ఎందుకు? పనికి పోయే రోజున ఆమె టిఫిన్ డబ్బా నిండుగా ఉందో లేదో చూడండి.

అత్తమ్మలూ, అమ్మలూ, ఎవరైనా వచ్చి "ఇంత లావైనవ్" అంటే ఆమె జవాబు చెప్పుకోలేదు. మీరు చెప్పండి. "మా పిల్ల బిడ్డకు పాలిస్తోంది, బరువు సంగతి నిదానంగా చూసుకుంటాం" అనండి. ఆ ఒక్క మాటతో ఆమె ఆ రాత్రి అన్నం మానకుండా తింటుంది.

 సందేహాలుంటే ఇప్పుడే అడగండి. ఇంటికి వెళ్లేముందు తల్లిని, బిడ్డను ఇద్దరినీ తూకం వేయించి వెళ్లండి.