బాతుపిల్లల లెక్క
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, గుమాస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పశువైద్యానికి సంబంధించిన ఒక ఆఫీసులో స్టాకు రిజిస్టరు రాసేవాణ్ణి. "ఈ వేరుశనగ చెక్క పెడితే కోళ్లు చస్తున్నాయి బాబూ" అని రైతు మూట తెచ్చేవాడు. డాక్టరుగారు ఆ చెక్కను బాతుపిల్లలకు పెట్టించి చూసేవారు. అవి చస్తే చెక్క చెడ్డదన్నమాట. వారం పోయాక నేను "బాతుపిల్లలు 10, ఖర్చయినవి" అని రాసేవాణ్ణి. సిరాబుడ్లకూ అదే మాట, వాటికీ అదే మాట.

బాతుపిల్లలే ఎందుకు? 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వెతికితే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు పుట్టించిన విషమని తేలింది. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కొద్దిగా సోకినా బాతుపిల్ల కాలేయం దెబ్బతింటుంది. అందుకే దాన్ని కొలబద్ద చేసుకున్నారు.

అయితే ఆ విషమే తన జాడ చెప్పింది. అతినీలలోహిత కాంతిలో ఒక రకం నీలంగా, మరో రకం ఆకుపచ్చగా మెరుస్తుంది. దాంతో ప్రాణి లేకుండానే కొలవడం సాధ్యమైంది. తర్వాత మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు తక్కువ ఖర్చుతో ఎలైసా పరీక్షను రూపొందించారు. అందులో వాడే యాంటీబాడీల తయారీకి జంతువు సాయం ఉంటుంది, నిజమే. కానీ మూట మూటకూ ఒక ప్రాణి పోనక్కరలేదు.

1959లోనే రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మూడు సూత్రాలు చెప్పారు: ప్రాణికి బదులు వేరే పద్ధతి వెతకండి, లేకుంటే సంఖ్య తగ్గించండి, బాధ తగ్గించండి. పేరు తెలిసిన విషాన్ని యంత్రం పట్టుకుంటుంది. తెలియని విషం విషయంలో ఇంకా అన్నిచోట్లా ప్రాణిని తప్పించలేకపోతున్నారు.

మరి మన సంగతి? పల్లీలకు బూజు పడితే "మనం తినొద్దులే, గేదెకు పడేద్దాం" అంటాం. అదీ ప్రయోగమే కదా! పైగా ఆ విషం పాలలోకి దిగి మనవడి గ్లాసులోకే వస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. అమ్మలారా, అలాంటి గింజలు ఎవరికీ పెట్టకుండా పారేయండి.

ఆ పాత రిజిస్టరు మళ్లీ నా చేతికొస్తే "ఖర్చయినవి" కొట్టేసి "చనిపోయినవి" అని రాస్తాను.