అట్లాంటాలో రెండడుగుల బాక్సరు



1996 అట్లాంటా ఒలింపిక్సు అనగానే మనకు లియాండర్ పేస్ కాంస్య పతకం గుర్తొస్తుంది. అక్కడ కంప్యూటర్లు పడ్డ పాట్లు తక్కువమందికి తెలుసు.

ఆటస్థలాలన్నిటినీ ఐ.బి.ఎం. సంస్థ నెట్‌వర్కుతో కలిపింది. ఒకచోట నమోదైన ఫలితం వెంటనే వార్తాసంస్థలకు చేరాలి. మొదటి రోజుల్లో కొన్ని చేరనేలేదు. చేరినవాటిలో ఒక బాక్సరు ఎత్తు 2 అడుగులు, ఇంకొకాయనది 21 అడుగులు! చివరికి ఫలితాల కాగితాలు ఫ్యాక్సులో పంపారు, మనుషులే చేతబట్టుకుని మోశారు.

చిత్రమేమిటంటే, మిగతా భాగాలు చాలావరకు పనిచేశాయి. ముఖ్యంగా చెడింది వార్తాసంస్థలకు వెళ్ళే దారి. పత్రికలవాళ్ళ దగ్గరే తప్పు జరిగితే ఇంకేముంది, లోకమంతా తెలిసిపోయింది! ఆ దారిని ముందుగా చాలినంత పరీక్షించలేదు.

నేను గుమాస్తాగా ఉన్నప్పుడు నకలు తీశాక ఒకరు చదువుతుంటే మరొకరు అసలుతో సరిచూసేవాళ్ళం. అదయ్యాకే సంతకానికి పెట్టేది. విసుగు పుట్టించే పని, నేనూ విసుక్కున్నవాణ్ణే. కానీ 21 అడుగుల మనిషి మా సెక్షను దాటిపోయేవాడు కాదు.

1998లో జపానులోని నాగనో శీతాకాల ఒలింపిక్సుకూ అదే సంస్థ పనిచేసింది. ఈసారి ముందే పలుమార్లు పరీక్షించి చూసుకున్నారు. ఫలితాలు సజావుగా అందాయి.