మన ఓటు – మన పార్లమెంటు: నమ్మకం ఎందుకు సన్నగిల్లింది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదికమీద పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, ఆడపిల్లల పెళ్లిళ్ల ఖర్చులు గురించి మాట్లాడుకొంటాము. ఈసారి కార్యవర్గం వారు మాకు వేరే విషయం అప్పగించారు. పార్లమెంటు పేరెత్తితేనే జనం పెదవి విరుస్తున్నారు, కారణమేమిటో చెప్పమన్నారు. మేము ఉర్దూ బడి పంతుళ్లమే గాని రాజకీయ నాయకులం కాము. ఏ పార్టీ వకాలత్ పుచ్చుకొనీ రాలేదు. పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేవాళ్లం గనుక తెలిసినంతవరకు మనవి చేసుకొంటాము.

ముందుగా ఒక విచిత్రం గమనించండి. పార్లమెంటును తిట్టే జనమే ఓటు వేయడం మానలేదు. 2024 ఎన్నికల్లో దేశం మొత్తంమీద సుమారు 66 శాతం ఓట్లు పడితే మన రాష్ట్రంలో 81 శాతం దాటింది. ఆ ఎన్నికల్లోనే, మే 13న, మన మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. అయినా పల్నాటి జనం ఎండలో నిలబడి ఓటు వేశారు. కాబట్టి జనానికి ఓటు మీద విరక్తి లేదు. వేసిన తర్వాత ఆ ఓటు ఏమైపోతోందో తెలియడం లేదు, బాధంతా అక్కడుంది.

మన ఇళ్లలో ఓటును అమానత్ అంటాము. అమానత్ పుచ్చుకొన్నవాడు హిసాబ్ చెప్పాలి. పార్లమెంటు నుంచి మనకు ఆ హిసాబ్ అందడం లేదు. అందకపోవడానికి మాకు నాలుగు కారణాలు కనపడుతున్నాయి.

మొదటిది, సభ కూర్చునే రోజులు తగ్గిపోవడం. 1952లో ఏర్పడిన మొదటి లోక్‌సభ తన కాలంలో 677 రోజులు సమావేశమైంది. 2019 నుంచి 2024 వరకు నడిచిన 17వ లోక్‌సభ 274 రోజులు మాత్రమే కూర్చుంది. అంటే ఏడాదికి 55 రోజులు. మా బడి ఏడాదికి 55 రోజులే తెరిస్తే తల్లిదండ్రులు ఊరుకొంటారా? రాజ్యాంగం 93వ అధికరణం డిప్యూటీ స్పీకరును ఎన్నుకోమంటుంది. ఆ లోక్‌సభ అయిదేళ్లలో ఆ పని కూడా చేయలేదు. 2023 శీతాకాల సమావేశాల్లో ఉభయసభల్లో కలిపి 146 మంది సభ్యులను సస్పెండు చేశారు. వారు చేసింది తప్పా, సస్పెండు చేయడం తప్పా అన్నది అలా ఉంచండి. వారిని పంపిన ఓటర్ల నోరు కూడా అన్నాళ్లు మూతపడింది కదా!

రెండవది, తలుపులు వేసి నిర్ణయాలు చేయడం. ఇది తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో అప్పటి విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లారు. అయిదు రోజుల తర్వాత, 18వ తేదీన, రాష్ట్ర విభజన బిల్లు తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన సభలో మూజువాణి ఓటుతో పాసైంది. మూజువాణి అంటే తెలుసు కదా, 'అవును', 'కాదు' అని అరవడమే. ఎవరు ఎటు అన్నారో లెక్క ఉండదు. విభజన కోరినవారు, వద్దన్నవారు మనలోనూ ఉన్నారు. కాని కోట్ల మంది బతుకులు మార్చే నిర్ణయం జరిగిన తీరు ఇది. రెండు రోజుల తర్వాత రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. ఆ మాట అమలు కాలేదు. పార్లమెంటులో నిలబడి చెప్పిన మాటకే విలువ లేనప్పుడు జనం ఇంక దేన్ని నమ్మాలి?

మూడవది, సభ్యుని నోటికి తాళం. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు శాసనసభ్యులను దాచుకోవలసిన గతి పట్టడం మన పెద్దలకు గుర్తే. మరుసటి సంవత్సరం, 1985లో, ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. మంచిదే, కావలసిందే. కాని దానికి రెండో ముఖం ఉంది. పార్టీ విప్ జారీ చేస్తే సభ్యుడు ప్రతి బిల్లుమీదా అలాగే ఓటు వేయాలి, లేకుంటే పదవి పోతుంది. నరసరావుపేట స్థానంలో సుమారు 17 లక్షల ఓటర్లున్నారు. వారి మాట ఒకటి, పార్టీ మాట ఒకటి అయినప్పుడు సభ్యుడు ఎటు పోతాడో చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక చరిత్ర మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. స్వతంత్ర భారత పార్లమెంటులో మంత్రి కాని ఒక సామాన్య సభ్యుడు పెట్టి, చట్టంగా మారిన మొట్టమొదటి బిల్లు ఏదో తెలుసా? సయ్యద్ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1952లో ప్రవేశపెట్టిన ముస్లిం వక్ఫ్‌ల బిల్లు. అది 1954లో చట్టమైంది. ఆ రోజుల్లో ఒక్క సభ్యుడు లేచి మాట్లాడితే ఉభయసభలు విని చట్టం చేశాయి. ఆ విధంగా చట్టమైనవి మొత్తం 14. చివరిది 1970లో. అటు తర్వాత ఒక్కటీ లేదు.

2025 వక్ఫ్ సవరణ బిల్లు దగ్గరికి రండి. దాన్ని సంయుక్త కమిటీకి పంపారు. సభలో గంటల తరబడి చర్చించి, ఓట్లు లెక్కపెట్టారు. లోక్‌సభలో 288–232, రాజ్యసభలో 128–95. కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరులో తాత్కాలికంగా నిలిపివేసింది. ఫలితం మనలో చాలామందికి బాధ కలిగించింది. అయినా న్యాయంగా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఇక్కడ లెక్క దొరికింది, ఎవరు ఎటు నిలబడ్డారో తెలిసింది. నరసరావుపేట సభ్యులు లావు శ్రీకృష్ణదేవరాయలు గారు ఆ కమిటీలో ఉన్నారు. కమిటీ నడుస్తున్న నెలల్లో పల్నాడు నుంచి ఎన్ని అర్జీలు వెళ్లాయి? అది మనం మనల్ని అడుగుకోవలసిన ప్రశ్న.

నాలుగవ కారణం మనవైపు నుంచి ఉంది. ఎంపీ పని ఏదో, పంచాయతీ పని ఏదో మనం విడదీసి చూడటం లేదు. ఖబరస్తాన్ గోడకు, వీధిబోరుకు ఎంపీ చుట్టూ తిరుగుతాము. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలకు పంచితే ఎంత వస్తుంది? అది రాలేదని అలుగుతాము. ఢిల్లీలో అడగవలసినవి మాత్రం మరచిపోతాము. 2011–12 బడ్జెట్టులో మంజూరైన నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం ఏళ్ల తరబడి సాగింది. వరికపూడిసెల ఎత్తిపోతలకు పులుల అభయారణ్యం అనుమతి కేంద్రం నుంచే రావలసి వచ్చింది. మాచర్ల పొలాలు దానికోసం దశాబ్దాలు ఎదురుచూశాయి. ఇవి పార్లమెంటులో అడగవలసిన ప్రశ్నలు. అదీగాక పార్టీలు కూడా మన స్థానానికి 1999లో నేదురుమల్లి జనార్దనరెడ్డిని, 2004లో మేకపాటి రాజమోహనరెడ్డిని నెల్లూరు జిల్లా నుంచి తెచ్చాయి. వారి సమర్థత మాట కాదు. ఎన్నికలు కాగానే సభ్యుడు ఎక్కడుంటాడో తెలియకపోతే జనానికి దూరమన్న భావం రాక ఏమవుతుంది?

మిత్రులారా, ఇంత చెప్పి "అయితే పార్లమెంటు వద్దు" అంటామా? ఎన్నటికీ అనము. "అక్కడ ఏం జరిగినా మనకేం, ఇచ్చిన నోటు తీసుకొని ఓటు వేద్దాం" అనే మాట మా చెవిన పడుతూనే ఉంది. ఈ మాట అన్ని దోషాలకన్నా ప్రమాదం. ఓటు అమ్ముకొన్నవాడికి హిసాబ్ అడిగే నోరుండదు. సంఖ్యలో తక్కువగా ఉన్నవారికి చెప్పుకోవడానికి చట్టసభ, న్యాయస్థానం తప్ప మరో గడప లేదు. ఆ గడప పాడైతే బాగుచేయించుకోవాలి గాని వదిలి వెళ్లరాదు.

అంచేత మా సూచన ఒక్కటి. మన సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టండి. ప్రతి సమావేశాల తర్వాత మన సభ్యుడు ఏ ప్రశ్నలు వేశారు, ఏ చర్చలో మాట్లాడారు, లెక్క దొరికిన ఓటింగుల్లో ఎటు వేశారు అని రాయండి. పార్లమెంటు వెబ్‌సైటులో ఇవి దొరుకుతాయి. ఇంటరు చదివే మన పిల్లలు చూసి చెప్పగలరు. ఏడాదికి రెండు ఉత్తరాలు మర్యాదగా, సంతకాలతో పంపండి. ఒకటి పొగడ్తకు, అవసరమైతే ఒకటి నిలదీతకు. ఎన్నికలప్పుడు ఎవరు వచ్చినా ఆ రిజిస్టరు ముందు పెట్టి మాట్లాడండి. సభ్యులది ఏ పార్టీ అయినా సరే.