అన్నము ముట్టని బిడ్డకు ఇల్లే అండ

(గ్రామ మహిళా సంఘముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మిరప కోతలు ముమ్మరముగా సాగుచున్న ఈ దినములలో ఒక పూట కూలి మానుకొని మీరు ఇక్కడకు వచ్చినారు. మీ కాలమును వృథాచేయక నేరుగా విషయమునకు వచ్చెదను. నేడు నేను చెప్పబోవునది పత్తికి పట్టు పురుగును గూర్చి కాదు, మిరపకు వచ్చు తెగులును గూర్చియు కాదు. ఇంటిలో అన్నముండియు తినజాలని బిడ్డను గూర్చి.

"తిండి లేక చిక్కినవారిని మేమెరుగుదుము. ఉండియు తినకపోవుట కలవారి బిడ్డల వేడుక గదా!" అని మీలో కొందరికి తోచవచ్చును. అట్లు తోచుట సహజమే. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఇట్టి దేశమున ఒక ఆడపిల్ల సన్నబడినచో ఎవరును ఆశ్చర్యపడరు. నేను చెప్పబోవు వ్యాధికి అదియే చాటు. పేదరికపు సన్నదనము వెనుక అది దాగియుండును. మనము గుర్తించులోపల ముదిరిపోవును.

ఒక కుటుంబమును ఊహించుకొందము. పర్చూరు ప్రాంతమున ఒక కౌలురైతు ఉన్నాడనుకొనుడు. రెండెకరముల మిరప, ఒక ఎకరము పత్తి. కూతురు పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని, పట్టణములోని వసతి కళాశాలలో ఇంటర్మీడియట్ చేరినది. సంక్రాంతికి ఇంటికి వచ్చినపుడు తల్లి గుర్తుపట్టలేకపోయినది. జడ పలుచబడినది. చేతులు చల్లగా ఉన్నవి. "తిను తల్లీ" అనినచో "కడుపులో నొప్పి, తిన్నది పైకి వచ్చుచున్నది" అనును. అరిసెలు వండుటకు తానే ముందుండును, అందరికిని కొసరి పెట్టును, తాను మాత్రము తుంచి ప్రక్కన పెట్టును. నాలుగింటికే లేచి డాబా మీద గంటసేపు నడచును. నెలసరి ఆగి నాలుగు మాసములైనది. ఆ మాట ఎవరికిని చెప్పలేదు. నాయనమ్మ దిష్టి తీసినది. తండ్రి గద్దించినాడు. తల్లి ఏడ్చినది. ఊరి వైద్యుడు బలపు మందు వ్రాసినాడు. పండుగ వెళ్ళినది, పిల్ల మరల వసతి గృహమునకు వెళ్ళినది, మందు సీసా గూటిలోనే ఉండిపోయినది.

ఈ కుటుంబములో చెడ్డవారెవరును లేరు. అందరును ఆ పిల్లను ప్రేమించినవారే. కాని ఎవరికిని అది వ్యాధియని తెలియలేదు.

ఈ వ్యాధికి వైద్యులు అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టినారు. 1873లో లండనులో విలియం గల్, పారిసులో చార్లెస్ లాసేగ్ అను వైద్యులు వేరువేరుగా దీనిని వర్ణించిరి. దీనికి తోబుట్టువు బులీమియా నెర్వోసా. 1979లో జెరాల్డ్ రస్సెల్ అను వైద్యుడు దానిని వర్ణించెను. బులీమియా గలవారు అప్పుడప్పుడు ఆపుకొనలేక విపరీతముగా తిని, పిదప వాంతి చేసికొనుటయో, విరేచనపు మాత్రలు మ్రింగుటయో చేయుదురు. వీరు చూచుటకు బక్కచిక్కి ఉండకపోవచ్చును. భోజనమైన వెంటనే స్నానాలగదికి పోవుట, బుగ్గలు వాచుట, పండ్ల పైపొర అరుగుట దీని గుర్తులు. మగపిల్లలకు ఈ వ్యాధులు రావనుకొనుట పొరపాటు. తక్కువగానైనను, వారికిని వచ్చును.

మన దేశపు బిడ్డల విషయమున ఒక విశేషము కలదు. 1995లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఐదుగురు యువతుల కథలను ప్రచురించిరి. వారు తిండి మానిరి, వాంతులు చేసికొనిరి, మిక్కిలి చిక్కిపోయిరి, నెలసరి ఆగినది. కాని పాశ్చాత్య గ్రంథములలో వర్ణించినట్లు తమ శరీరమును గూర్చిన తప్పు ఊహ వారిలో కనిపించలేదు. కనుక మన బిడ్డ "లావగుదునని భయము" అని చెప్పవలెనని ఎదురుచూడరాదు. "కడుపునొప్పి", "ఆకలి లేదు", "గొంతు దిగదు" అనియే చెప్పవచ్చును. అట్లు చెప్పినపుడు ముందుగా క్షయ, థైరాయిడు, మధుమేహము, ప్రేగుల జబ్బు వంటివి లేవని పరీక్ష చేయించవలెను. అవి లేవని తేలినపుడు "ఏమియు లేదు" అని ఊరకుండరాదు.

ఉపవాసమునకును ఈ వ్యాధికిని భేదము తెలిసికొనుడు. కార్తిక సోమవారమైనను, రంజాను మాసమైనను, శ్రమదినములైనను ఉపవాసమునకు ఒక హద్దు కలదు. ఆ గడియ రాగానే ఇంటివారందరును కలిసి కూర్చుండి సంతోషముగా తిందురు. ఈ వ్యాధికి విడుపు గడియ లేదు. తినవలసిన వేళ రాగానే బిడ్డకు భయము పుట్టును.

"మొండితనము గదా! నాలుగు దెబ్బలు వేసిన తినదా?" అని పెద్దలు అందురు. దీనికి సమాధానముగా ఒక పరీక్షను చెప్పెదను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు తమంతట తాము ముందుకు వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులగు యువకులకు ఆరు మాసములపాటు అర్ధాకలి తిండి పెట్టెను. వారిలో ఏ మనోవ్యాధియు లేదు. అయినను కొలది మాసములలో వారికి తిండి ధ్యాస తప్ప వేరు ధ్యాస లేకపోయినది. వంటల పుస్తకములు చదివిరి, కంచము ముందు గంటలకొలది కూర్చుండిరి, చలికి వణకిరి, చిరచిరలాడిరి, స్నేహితులకు దూరమైరి. కావున చిక్కిన బిడ్డలో మనము చూచు కోపము, ఒంటరితనము, వింత అలవాట్లు చాలవరకు ఆకలి చేసిన పనులే. తిండియే మొదటి మందు. మెదడునకు తిండి అందనిదే మంచిమాట తలకెక్కదు.

ఇక కుటుంబపు మాట. పూర్వము వైద్యులు ఈ వ్యాధికి ఇంటివారినే తప్పుపట్టుచుండిరి. రోగికి సేవ చేయుటకు బంధువులు తగరని గల్ వైద్యుడు తలచెను. తల్లిదండ్రులనుండి బిడ్డను వేరుచేయుటయే చాలకాలము చికిత్సగా సాగినది. 1980 తరువాతి సంవత్సరములలో లండనులోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు ఈ ఆలోచనను తారుమారు చేసిరి. వారు 1987లో ప్రచురించిన పరిశోధనలో, 18 ఏండ్లలోపు మొదలై మూడేండ్లు దాటని వ్యాధిగల పిల్లలకు, ఒంటరిగా చేయు చికిత్సకంటె తల్లిదండ్రులను కలుపుకొని చేయు చికిత్స ఎక్కువ మేలు చేసినది.

ఇది మనకు పరాయి పద్ధతి కాదు. 1950 తరువాతి దశాబ్దమున అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలోనే గుడారములు వేయించి, రోగుల బంధువులను వారితోపాటు ఉండనిచ్చెను. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక ఆరోగ్య కేంద్రమున గూడ ఇంటివారు రోగితో కలిసి ఉండు పద్ధతి చిరకాలముగా ఉన్నది. జబ్బు చేసినవారి ప్రక్కన మనిషి ఉండవలెనని మన పెద్దలకు ఎవరును నేర్పనక్కరలేదు.

ఆ ప్రక్కనున్న మనిషి ఏమి చేయవలెను?

మొదటి మెట్టులో, వైద్యుని సలహాతో, ఏమి తినవలెను, ఎంత తినవలెను అను నిర్ణయము తల్లిదండ్రులదే. మూడు పూటల భోజనము, నడుమ రెండు మూడు సార్లు చిరుతిండి. విలువైన పొడులు, డబ్బాలు అక్కరలేదు. ముద్దపప్పు, నెయ్యి, పెరుగన్నము, గుడ్డు, అరటిపండు, నువ్వులుండ, వేరుశనగ ఉండ చాలును. బిడ్డ ప్రక్కన కూర్చుండుడు. బేరమాడకుడు, బెదరించకుడు, పొగడి పొగడి విసిగించకుడు. "ఇది నీకు ఎంత కష్టమో నాకు తెలియును. ఈ ముద్ద తిను తల్లీ, నేనిక్కడే ఉన్నాను" అను మాట పదిసార్లైనను అదే గొంతుతో చెప్పుడు. తిన్న పిదప ఒక గంటసేపు ఒంటరిగా విడువక, అచ్చనగాయలో, టీవీయో, పూలు కట్టుటయో, ఏదో ఒక పనిలో తోడుండుడు. తండ్రి ఒక మాట, తల్లి ఒక మాట చెప్పరాదు. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను కాపలాదారులుగా పెట్టరాదు. వారు ఆటపాటలకు తోడుగా ఉన్న చాలును.

రెండవ మెట్టులో, బరువు పెరిగి భయము తగ్గినకొలది, ఒక్కొక్క పూట భోజనమును బిడ్డ చేతికి అప్పగించవలెను. నాటిన మిరప మొక్కకు వేరూనువరకు మనము నీరు పోయుదుము. పిదప అదియే నేలను పట్టుకొనును. మూడవ మెట్టులో చదువు, స్నేహములు, ముందు బ్రతుకు మొదలగువాటిని గూర్చి మాటలాడుకొనవలెను. ఇది పది దినముల పని కాదు. ఆరు మాసములనుండి సంవత్సరమువరకు పట్టును. బులీమియాకు, పెద్దవయసువారికి ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దు మాటల చికిత్స ముఖ్యము. ఇంటిలోనే బిడ్డకు హింస జరుగుచున్నచో ఈ పద్ధతి తగదు. వైద్యులు వేరొక దారి చూపుదురు.

"పత్తితీతల వేళ, మిరపకోతల వేళ ఎవరు కూర్చుందురు?" అని మీరడుగుదురు. ఇదియే అసలు ప్రశ్న. ఒక్క తల్లి వలన ఇది కాదు. ఉదయము నాయనమ్మ, మధ్యాహ్నము పిన్నియో మేనత్తయో, రాత్రి తండ్రి - ఇట్లు వంతులు వేసికొనవలెను. మీ సంఘములో పదిమంది ఉన్నారు. పురిటి ఇంటికి, చావు ఇంటికి మీరు వంతులవారీగా అన్నము పంపుదురు. ఒక తల్లికి వారమునకు రెండు మధ్యాహ్నములు విడుపు ఇచ్చుట మీకు అసాధ్యము కాదు.

కొన్ని హెచ్చరికలు. బిడ్డ సొమ్మసిల్లినను, గుండె నిమిషమునకు 50 సార్లకంటె తక్కువ కొట్టుకొనినను, నీరు గూడ మానినను, వాంతిలో రక్తము కనిపించినను ఇంటి వైద్యము చాలదు. వెంటనే ఆసుపత్రికి కొనిపొండు. చాలదినములు దాదాపుగా ఏమియు తినని బిడ్డకు ఒక్కసారిగా కడుపునిండ పెట్టుట ప్రమాదము. రక్తములోని లవణములు తారుమారై గుండెకు ముప్పు వచ్చును. వైద్యుని ఎదుట కొద్దికొద్దిగా పెంచవలెను. బిడ్డ చావు మాట ఎత్తినచో దానిని తేలికగా తీసికొనకుడు. మన ఇండ్లలో పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉండును. వాటిని తాళము వేసిన చోట ఉంచుడు.

గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్యులు కలరు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ వారికి 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు తెలుగులోనే ఉచితముగా మాటలాడవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక చికిత్స పొందుట 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము మీ హక్కు. రోగి సంగతులను గోప్యముగా ఉంచవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది.

"పదిమందికి తెలిసినచో పెండ్లి సంబంధములు చెడును" అను భయము మిమ్ము వెనుకకు లాగును. ఆ భయమును నేను తేలిక చేయను. కాని దాచిన వ్యాధి ముదురును. తొలిదినములలో పట్టుకొనిన వ్యాధి నుండి కోలుకొనువారే ఎక్కువ. మానసిక వ్యాధులలో మిక్కిలి ప్రాణములు తీయువాటిలో ఇది ఒకటి అని మరువరాదు.

చివరగా ఒక మనవి. చూడవచ్చిన బంధువు "పిల్ల లావైనది" అనుట, వసతి గృహమున తోటివారు బరువును ఎగతాళి చేయుట, పెండ్లిచూపులలో ఆడపిల్లను సంతలో సరుకువలె తూచి మాటలాడుట - ఇవి మాటలే అయినను కొందరి గొంతులో ముల్లువలె దిగును. ఆ మాటలు మానుటకు ఖర్చులేదు. ఉపాధ్యాయులు, వసతి గృహ పాలకులు, ఆశా కార్యకర్తలు కంచములో మిగిలిన అన్నమును చూచి ఒక్కసారి ఆలోచించిన చాలును.

ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చిన మీ బిడ్డ చేతులు పట్టుకొని చూడుడు. చల్లగా ఉన్నచో గద్దించకుడు. ప్రక్కన కూర్చుండుడు. మరునాడు బిడ్డతోగూడ ఆసుపత్రి దారి పట్టుడు. ఒక ఏడు పంట పోయిన మరు ఏడు వేసికొందుము. బిడ్డ విషయమున అట్టి వీలు లేదు.