మట్టి గుట్ట కింద పొలం

(ఓపెన్‌కాస్టు గనుల ప్రాంత స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గనుల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా భూసేకరణ, నష్టపరిహారం, ఉద్యోగాలు అనే మూడు మాటలే మన చర్చను ఆక్రమిస్తాయి. అవి ముఖ్యమైనవే. కాని ఇవాళ నేను భూమి పోయినవాళ్ల గురించి కాక, భూమి మిగిలిన వాళ్ల గురించి మాట్లాడతాను. గుట్ట కింద పొలం ఉన్నవాళ్ల గురించి, ఆ పొలంలో కూలికి పోయేవాళ్ల గురించి.

సింగరేణి బొగ్గులో ఇప్పుడు అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. ఓపెన్‌కాస్టు అంటే బొగ్గు పైనున్న నేలనంతా తొలగించటం. టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్లు మట్టీ రాయీ తవ్వి పక్కన పోయాలి. మన ఊళ్ల పక్కన లేచిన గుట్టలు అవే. అడవిలో గుట్టను చెట్ల వేళ్లు పట్టి ఉంచుతాయి. ఈ గుట్టకు ఆ పట్టు లేదు. వాన నేరుగా వదులు మట్టి మీద పడుతుంది, నీరు ఇంకేలోగానే వాలు వెంట గండ్లు కోస్తూ దిగుతుంది. బరువైన ఇసుక దగ్గరి పొలాల్లో మేట వేస్తుంది. సన్నని బంకమట్టి నీళ్లలో తేలుతూ వాగు దాటి చెరువులో చేరి అడుగున పేరుకుంటుంది. ఏటా అంత మేర చెరువులో నీళ్లు తగ్గుతాయి.

దీనికి విరుగుడు తెలియక కాదు. గనులకిచ్చే పర్యావరణ అనుమతుల్లో ఇవి మామూలుగా ఉండే షరతులే. పైమట్టిని విడిగా దాచి, తర్వాత గుట్ట మీద పరిచి మొక్కలు పెంచాలి. గుట్ట వాలు 28 డిగ్రీలు మించకూడదు. అడుగున రాతి గోడ కట్టాలి. చుట్టూ కాలువ తవ్వి, బురదనీటిని నిలవ గుంటలోకి మళ్లించాలి. నీరు అక్కడ కొంతసేపు నిలిస్తేనే మట్టి అడుగుకు చేరుతుంది, తేట నీరు బయటికి పోతుంది. బొగ్గు గనుల నుంచి వాగులోకి వదిలే నీటిలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు మించరాదని 2000లోనే ప్రమాణం పెట్టారు.

మరి లోపం ఎక్కడ? గుంట తవ్వటం ఒక్కసారి చేసే పని. పూడిక తీయటం ఏటా చేయవలసిన పని. పూడిన గుంటలో నీరు నిలవదు, వచ్చిన బురద వచ్చినట్టే దాటిపోతుంది. కాగితం మీద మాత్రం గుంట ఉంటుంది. ఇంటిపని సంగతి మనకు తెలుసు. చేసినన్నాళ్లు అది ఎవరికీ కనపడదు, మానేసిన రోజు కనపడుతుంది. పూడికతీతా అంతే. తవ్విన బొగ్గుకు టన్నుల్లో లెక్క ఉంది. ఊళ్లోకి రాకుండా ఆపిన బురదకు ఎవరి దగ్గరా లెక్క లేదు.

గని ఆపని బురదను తర్వాత ఎత్తిపోసేదెవరు? నారుమడి మునిగితే మళ్లీ నారు పోసి, మళ్లీ నాటు వేసేది ఆడవాళ్లు. చెరువు నీళ్లు మురికైతే బట్టలకూ పశువులకూ దూరం నడిచేదీ వాళ్లే. ఈ శ్రమకు కూలి లేదు, పంచనామాలో గడి కూడా లేదు. నష్టం రాసేటప్పుడు అధికారి పట్టాదారు పేరు అడుగుతాడు. నేను తిరిగిన ఊళ్లలో ఆ పేరు ఎక్కువగా మగవాడిది. కౌలుకు చేసే స్త్రీ, కూలి పోగొట్టుకున్న స్త్రీ ఆ లెక్కలోకే రారు. నష్టాన్ని ఆస్తితో కొలిచినంత కాలం ఆస్తి లేనివాళ్ల నష్టం నష్టం కాకుండానే పోతుంది.

మన చేతిలో ఉన్న హక్కు ఒకటి చెప్పి ముగిస్తాను. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం, అనుమతి షరతులు ఎంతవరకు పాటించారో గని యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. అవి బహిరంగ పత్రాలు. దరఖాస్తు పెట్టిన ఎవరికైనా ప్రతి ఇవ్వవలసిందే. ఒక తేదీ వానలకు ముందు, రెండోది వానలు పోయాక. మొదటిది అడిగి, గుంట పూడిక తీశారో లేదో మనమే వెళ్లి చూద్దాం. రెండోది అడిగి, మన పొలాల్లో పడిన మేటతో పోల్చి చూద్దాం. నివేదికలు తెలుగులో ఇవ్వాలని, నష్టం అంచనాలో కౌలుదారు, కూలి స్త్రీల పేర్లు రాయాలని, గుంటల తనిఖీలో దిగువ పొలాల స్త్రీలు ఉండాలని గ్రామసభల్లో తీర్మానాలు చేయిద్దాం.

వాగు నీటి రంగు మారిందని ముందుగా చూసేది ఆ నీళ్లకు పోయే స్త్రీలే. వాళ్లు చూసింది సాక్ష్యంగా నమోదు కావాలి. ఈ వానాకాలం నుంచే ఆ పని మొదలుపెడదాం.