పలకమీద తప్పిన లెక్క



సూర్యాపేటలో మా వీధికి కూరగాయల బండి తెచ్చే ఆమె వెంట, బడి లేని పూట, మూడో తరగతి చదివే కొడుకు వస్తుంటాడు. మొన్న 27 రూపాయల కూరలు తీసుకుని, యాభై నోటూ రెండు రూపాయల బిళ్ళా ఇచ్చాను. తడుముకోకుండా 25 రూపాయలు చేతిలో పెట్టాడు. ‘ఎట్లా కట్టావు నాయనా?’ అన్నాను. ‘27కి మూడేస్తే 30, ఇంకో ఇరవై వేస్తే 50, పైన మీ రెండు’ అన్నాడు. సరదాకి అదే లెక్క పలకమీద వేసి ఇచ్చాను. 52లోంచి 27 తీసివేయాలి. వాడు 35 అని రాశాడు! రెండులోంచి ఏడు పోదు గనుక, ఏడులోంచి రెండు తీసేశాడు.

మనమైతే ‘మొద్దు’ అనేస్తాం. నన్నూ చిన్నప్పుడు ఇట్లాంటి తప్పుకే బెంచీ ఎక్కించారు. ఆ భయం మెట్రిక్ దాకా వదల్లేదు లెండి.

ఇది వీడొక్కడి సంగతి కాదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరిశీలించి, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలైనవారు 2025లో ‘నేచర్’ పత్రికలో ఇదే రాశారు. అంగట్లో చకచకా లెక్క కట్టే పిల్లలు బడి లెక్కల దగ్గర తడబడ్డారట. బడిలో బాగా చేసేవాళ్ళు బేరం లెక్కల్లో తేలిపోయారట!

మరి పంతులమ్మ ఏం చేయాలి? కోదాడ దగ్గర బడిలో చెప్పే మా చెల్లెలు, తప్పు కొట్టేముందు ‘ఇదెట్లా వచ్చిందిరా, చెప్పు’ అంటుంది. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టిస్తుంది. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు తీయాలంటే ఒక కట్ట విప్పక తప్పదు గదా! ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఏమిటో అప్పుడు వేళ్ళకు తెలుస్తుంది. పిల్లలు నోటితో కట్టిన లెక్కనూ బోర్డుమీద పక్కనే వేసి, రెంటికీ ఒకటే జవాబని చూపిస్తుంది. మిర్యాలగూడ వంటి రైసుమిల్లుల ఊళ్ళో అయితే, 25 కిలోల బస్తాలు నాలుగు కలిస్తే క్వింటాలన్న దగ్గర్నుంచే భాగహారం ఎత్తుకోవచ్చు.

అంతమందిలో ఒక్కొక్కరినీ అడిగే తీరిక ఏదీ అంటారు. నిజమే. చెల్లెలు రోజుకు నలుగురినే అడుగుతుంది. ఒకే తప్పు చేసేవాళ్ళను ఒకచోట కూర్చోబెడుతుంది. 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మొదలైన ‘తొలిమెట్టు’ ఉద్దేశమూ ఇదే: పిల్లవాడు ఏ తరగతి అని కాక, వాడికి ఏం వచ్చునో చూసి అక్కడినుంచి చెప్పడం. మీరూ ఈసారి బడికి వెళ్ళినప్పుడు మార్కులెన్ని అని కాక, ‘మావాడు ఎక్కడ ఆగిపోతున్నాడండీ?’ అని అడిగి చూడండి.

నిన్న ఆ కూరగాయల పిల్లవాడికి మా చీపురు విప్పి ఇచ్చాను. సగం చీపురు పోయిందనుకోండి! కాసేపు పుల్లలు అటూఇటూ జరిపి, ‘రెండులోంచి కాదమ్మా, పన్నెండులోంచి తీయాలి ఏడు!’ అన్నాడు. పలక తనే అడిగి తీసుకున్నాడు.